రాయబార సభలో పాత్రధారణ: ఉద్యోగపర్వం నుండి పద్యనాటక రంగస్థలం దాకా

వ్యాససంగ్రహం

మహాభారతం ఉద్యోగపర్వంలోని శ్రీకృష్ణ రాయబారాన్ని తెలుగు సాహిత్య విమర్శ ఎక్కువగా వాక్చాతుర్యానికి, తెలుగు రంగస్థలం ఎక్కువగా పద్యపఠనానికి ఉదాహరణగా స్వీకరించాయి. ఈ వ్యాసం ఆ ఘట్టాన్ని ప్రత్యర్థులైన ప్రభువుల మధ్య సాగిన రాజకీయ వ్యూహంగా, ఆ వ్యూహంలో ఎవరికి వారు ధరించిన పాత్రల సమాహారంగా పరిశీలిస్తుంది. సభలో అత్యధికులు సంధిని కోరినప్పటికీ యుద్ధం ఎందుకు తప్పలేదన్న ప్రశ్నను రోమన్ సెనేటు చరిత్రలోని ఒక సన్నివేశంతో పోల్చి చూస్తుంది. సభ అనే సంస్థ భాసుని దూతవాక్యంలోనూ, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ ప్రదర్శనల్లోనూ ఎలా కుదించుకుపోయిందో చర్చిస్తుంది.

కీలకపదాలు: రాయబారం, ఉద్యోగపర్వం, తిక్కన, తిరుపతి వేంకట కవులు, పద్యనాటకం, సభ, చతురుపాయాలు, రోమన్ సెనేటు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల వీధులు దాటి నాంపల్లి వైపు వస్తే, పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో శాసనసభ భవనం కనిపిస్తుంది. టౌన్‌హాలుగా కట్టిన ఆ భవనానికి సమీపంలోనే తెలుగు విశ్వవిద్యాలయం దశాబ్దాల పాటు నడిచింది. ఇటు ఆబిడ్స్‌లోని తిలక్ రోడ్డులో, 1943లో ఏర్పడిన సారస్వత పరిషత్తు ఉంది. బేరం, చట్టసభ, సాహిత్యం అనే మూడు వ్యవహారాలూ కూతవేటు దూరంలో ఉన్న ఈ ప్రాంతంలో రాయబార పద్యం వినని సాహిత్యాభిమాని ఉండడు. అయితే వింటున్నది ఒక చట్టసభ తరహా చర్చ అనీ, అందులో ఒక బేరం ఉన్నదనీ శ్రోతకు స్ఫురించడం అరుదు. పద్యం ముగిసేసరికి చప్పట్లు మోగుతాయి, ‘వన్స్‌మోర్’ వినిపిస్తుంది, సభ సంగతి మరుగున పడుతుంది.

విమర్శ పరిస్థితి కూడా ఇందుకు పెద్దగా భిన్నం కాదు. తిక్కన నాటకీయతను గురించి, కృష్ణుని మాటనేర్పును గురించి తెలుగులో విస్తారంగా చర్చ జరిగింది. ఆ మాటలు ఏ సభలో, ఏ నియమాలకు లోబడి, ఎవరి చెవిన పడడానికి పలికినవన్న విచారణ మాత్రం పలుచగా సాగింది. రాయబారిని సమర్థుడైన వక్తగా చూసినంత కాలం ఒక చిక్కు విడదు. అంతటి వక్త అంత చక్కగా మాట్లాడి, సభలోని పెద్దలందరినీ ఒప్పించి, రిక్తహస్తాలతో తిరిగి వచ్చాడు. ఇది వక్తృత్వ వైఫల్యమా? కాకుంటే మరేమిటి?

2. రెండు సభలు

రోమన్ సెనేటు తెలుగు పాఠకునికి కొత్త కాదు. వావిలాల వాసుదేవశాస్త్రి 1870లలోనే షేక్స్‌పియర్ జూలియస్ సీజర్‌ను ‘సీజరు చరిత్రము’ పేరిట తేటగీతులలో తెలిగించారు. ఆంగ్లనాటకాల తెలుగు అనువాదాలు మొదలైందే రోమన్ ప్రభువుల కుట్రతో అన్నమాట. అయితే రాయబారంతో పోల్చదగిన సన్నివేశం సీజరు హత్యలో లేదు. దానికి సుమారు అయిదేళ్ల ముందు జరిగిన వ్యవహారంలో ఉంది.

క్రీ.పూ. 50 డిసెంబరులో, గాల్ దేశంలో సైన్యాధిపత్యం వహిస్తున్న సీజరు, రోము చెంత బలగం కలిగిన పాంపే ఇద్దరూ ఒకేసారి ఆధిపత్యాలు వదులుకోవాలని క్యూరియో అనే ట్రిబ్యూను సెనేటులో ప్రతిపాదించాడు. అప్పియన్ ఇచ్చిన లెక్క ప్రకారం 370 మంది దానికి అనుకూలులు, 22 మంది మాత్రమే ప్రతికూలురు. అయినా ఆ తీర్మానం అమలు కాలేదు. కొద్ది వారాలలో సీజరు తన కోరికను తగ్గించుకుంటూ వచ్చాడు. మొదట రెండు దళాలు, కొద్దిపాటి భూభాగం చాలునన్నాడు. సిసిరో మధ్యవర్తిత్వం నెరపిన దశలో ఒక్క దళంతో సరిపెట్టుకుంటాడన్న మాట కూడా వచ్చింది. అదీ సాగలేదు. క్రీ.పూ. 49 జనవరిలో సెనేటు అత్యవసర తీర్మానం చేసింది, సీజరు రూబికాన్ దాటాడు. సంధి కోరినవారు వందలలో, కాదన్నవారు పదులలో ఉన్న సభ యుద్ధాన్ని ఆపలేకపోయింది.

హస్తినాపుర సభను దీని పక్కన పెట్టి చూడాలి. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు సంధి చేసుకోమన్నారు. పరశురాముడు, కణ్వుడు, నారదుడు కథలు చెప్పి మరీ హితవు పలికారు. గాంధారి సభకు వచ్చి మందలించింది. సాక్షాత్తు ధృతరాష్ట్రుడే కృష్ణుని మాటలు బాగున్నవన్నాడు. ఎదురు నిలిచినవారు దుర్యోధనుడు, కర్ణుడు, శకుని, దుశ్శాసనుడు. అర్ధరాజ్యం అడగవలసిన పాండవులు అయిదూళ్ల దాకా దిగివచ్చారు. రెండు దళాల నుండి ఒక్క దళానికి, అర్ధరాజ్యం నుండి అయిదూళ్లకు తగ్గిన ఈ రెండు బేరాలలోనూ కోరిక తగ్గినకొద్దీ ఎదుటివాని పట్టు బిగిసింది.

పోలిక ఇంతవరకే. తేడా మరింత ముఖ్యమైనది. రోమన్ సెనేటులో అభిప్రాయాలు అడగడానికి ఒక వరుస ఉండేది. అధ్యక్షత వహించిన కాన్సల్ పెద్దల నుండి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ అడిగేవాడు. చివర సభ్యులు లేచి, తాము సమర్థించే పక్షం వైపు నడిచేవారు. ఆ నడకే ఓటు. కురుసభలో వరుస ఉన్నది, నడక లేదు. ప్రతి పెద్దా తన అభిప్రాయం చెప్పాడు. ఆ అభిప్రాయాలను కూడి నిర్ణయంగా మార్చే సాధనం సభ దగ్గర లేదు. నిర్ణయం రాజుది, రాజు నిర్ణయం కొడుకు చేతిలో ఉంది. కనుక కురుసభలో పలికిన ప్రతి హితవచనమూ సాక్ష్యం అయింది గాని తీర్పు కాలేదు. రాయబార ఘట్టం మొత్తానికి కీలకం ఈ ఒక్క లోపంలో ఉన్నది.

3. ఉపప్లావ్యంలో పాత్రల పంపకం

రాయబారం హస్తినలో మొదలు కాలేదు. అభిమన్యుని వివాహానంతరం విరాటుని సభలో జరిగిన మంతనాలలోనే ఎవరు ఏ పాత్ర ధరించాలన్నది దాదాపు తేలిపోయింది. కృష్ణుడు నిష్పక్షపాతంగా మాట్లాడాడు. బలరాముడు జూదంలో ధర్మరాజు తప్పును ఎత్తిచూపి, దుర్యోధనునితో మెత్తగా మాట్లాడమన్నాడు. సాత్యకి ఆ మాటకు మండిపడ్డాడు. వృద్ధుడైన ద్రుపదుడు మాత్రం ఎవరి మాటా కాదనకుండా అసలు పని చెప్పాడు: ముందుగా అడిగినవారి పక్షానికే రాజులు మొగ్గుతారు గనుక అన్ని దేశాలకూ దూతలను పంపాలి, మరోవైపు కౌరవుల దగ్గరకు సంధి మాటతో పురోహితుని పంపాలి.

ఆ పురోహితునికి ద్రుపదుడు చెప్పి పంపిన రహస్యం గమనార్హం. ధర్మం మాట్లాడితే విదురుడు బలపరుస్తాడు. భీష్మద్రోణకృపుల మనసులలో భేదం పుడుతుంది. చెదిరిన మంత్రులను మళ్లీ ఒక్కతాటి మీదికి తెచ్చుకోవడంలో కౌరవులు మునిగి ఉండగా ఇటు సేనలు కూడుతాయి. పురోహితుడు పైకి శాంతిదూత, లోపల కాలహరణానికి నియుక్తుడు. అతడు చెప్పినది అబద్ధమా అంటే కాదు. ధర్మమే చెప్పాడు. అదే ఈ వ్యూహంలోని సొగసు, ఇబ్బంది కూడా. నిజం చెప్పడమే ఎత్తుగడ అయినప్పుడు నీతికీ నీతిశాస్త్రానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో విమర్శకుడు తేల్చుకోలేడు.

కౌరవుల వైపు నుండి వచ్చిన సంజయునిది ఇంకొక తరహా పాత్ర. అతడు ఇవ్వడానికి ఏమీ తీసుకురాలేదు. యుద్ధం పాపమని, రాజ్యం కోసం బంధువులను చంపడం కంటె యాదవుల నాట బిచ్చమెత్తుకోవడం మేలని మాత్రం చెప్పాడు. ధర్మరాజును అతని ధర్మంతోనే కట్టివేయాలన్న ధృతరాష్ట్రుని ఆలోచన ఇది. ఎదుటివాని సుగుణాన్నే ఆయుధంగా వాడుకోవడంలో ఆ అంధరాజు ఎంత దిట్టో ఈ ఒక్క రాయబారంతో తెలుస్తుంది.

ధర్మరాజు ఇచ్చిన జవాబు అంతకు మించిన రాజనీతి. అయిదూళ్లు చాలునన్నాడు. కుశస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం, మరేదైనా ఒకటి. పాఠాంతరాలలో మొదటి పేర్లు కొంత మారినా వారణావతం స్థిరంగా ఉంటుంది. లక్కయింటిలో పాండవులను కాల్చివేయజూచిన ఊరది. ఆ ఊరిని అడగడమంటే, అడిగిన ప్రతిసారీ సభలో ఆ నేరాన్ని గుర్తుచేయడమే. వినయంగా కనిపించే కోరికలో ఒక అభియోగపత్రం దాగి ఉంది. ధర్మరాజు అమాయకత్వం మీద విమర్శకులకున్న నమ్మకాన్ని ఈ జాబితా కొంత సడలించవలసి ఉండగా, దీని మీద చర్చ అంతగా జరగకపోవడం ఆశ్చర్యమే.

బేరం మెళకువ తెలిసినవారికి ఇందులో వింత ఉండదు. ఉస్మాన్‌గంజ్ వంటి టోకు బజారులో నలుగురి ఎదుట జరిగే బేరంలో కొనుగోలుదారు ఒక దశ దాటాక సరుకు కోసం అడగడు. కాదన్నది ఎవరో నలుగురికీ తెలియాలని అడుగుతాడు. ఆ తర్వాత వ్యాపారం చెడినా చెడ్డపేరు అవతలివానిదే అవుతుంది. అయిదూళ్ల కోరిక అటువంటి ఆఖరి మాట.

కృష్ణుడు బయలుదేరే ముందు సోదరులు ఒక్కొక్కరూ చెప్పిన మాటలలో భీమునిది అందరినీ విస్మయపరిచింది. భీముడు శాంతి కోరాడు. కృష్ణుడు ఎత్తిపొడిచాడు, భీముడు రోషపడ్డాడు, కృష్ణుడు సమాధానపరిచాడు. ఇది స్వభావవైచిత్ర్య చిత్రణగానే సాధారణంగా వ్యాఖ్యాతమైంది. అయితే వ్యూహం దృష్టితో చూస్తే ఇంకొక సంగతి తోస్తుంది. పాండవులలో సంధికి గట్టిగా అడ్డు చెప్పగలవాడు భీముడు. అతడే సంధి అన్నాక కృష్ణుని చేతిలోని ప్రతిపాదనకు ఇంటి నుండి ఎదురు తగ్గింది. అటు ద్రౌపది తన కేశపాశాన్ని చూపి అడిగిన ప్రశ్న, సంధి పొసగితే ఎవరికి అన్యాయం జరుగుతుందో గుర్తుచేసింది. కృష్ణుడు ఆమెకు ఇచ్చిన అభయం, ధర్మరాజుకు ఇచ్చిన మాట ఒకదానితో ఒకటి పొసగవు. రెంటినీ మోసుకొని రథమెక్కాడు.

4. హస్తినాపురం

కృష్ణుడు మొదటి రాత్రి వృకస్థలంలో బస చేశాడు. ధర్మరాజు అడిగిన అయిదూళ్లలో అది ఒకటి. దారి పొడుగునా, ప్రత్యేకించి ఆ ఊళ్లో, దుర్యోధనుడు విడిది మందిరాలు కట్టించాడు. కృష్ణుడు వాటి వంక చూడకుండా సాగిపోయాడు. అడిగిన ఊళ్లో, అడగనివాడు పెట్టిన ఆతిథ్యాన్ని కాదనడం రాయబారంలోని తొలి వాక్యం. అది నోటితో పలికినది కాదు.

హస్తినలోనూ ఇదే వరుస. ధృతరాష్ట్రుడు విలువైన కానుకలు సిద్ధం చేయించబోతే, ఇది ప్రేమ కాదు లంచమని విదురుడు ముఖం మీదనే అన్నాడు. కానుకలిస్తే భయపడ్డామనుకుంటాడని దుర్యోధనుడు వద్దన్నాడు. తండ్రి కొనజూచాడు, కొడుకు బంధింపజూచాడు, భీష్ముడు కోపంతో లేచి వెళ్లిపోయాడు. రాయబారి రాకముందే కౌరవపక్షంలో మూడు వేర్వేరు విధానాలు ఉన్నవని ఈ చిన్న సన్నివేశం చెబుతుంది. దుర్యోధనుని భోజనానికి రమ్మంటే, ప్రీతి ఉంటే తినాలి, ఆపద ఉంటే తినాలి, ఇక్కడ రెండూ లేవన్న అర్థం వచ్చేలా చెప్పి కృష్ణుడు విదురుని ఇంట భుజించాడు.

ఆ రాత్రి విదురునితో జరిగిన సంభాషణలో కృష్ణుడు తన పాత్ర పరిధిని తానే గీసుకున్నాడు. ఈ దుర్మతులు వినరు, ఎందుకు వచ్చావని విదురుడు అడిగితే, ఆపగలిగి ఉండీ ఆపలేదన్న మాట లోకం అనకూడదని జవాబిచ్చాడు. కృష్ణుడు కపటంగా రాయబారం నడిపాడని కొందరు, నిజాయితీగా నడిపి విఫలుడయ్యాడని కొందరు వాదిస్తారు. ఈ జవాబు ఆ రెండు వాదాలకూ లొంగదు. సంధి కుదిరితే అంగీకరించడానికి అతడు సిద్ధమే. కుదరకపోతే ఆ కుదరకపోవడం నలుగురి ఎదుట, నేరం ఎవరిదో స్పష్టమయ్యేలా జరగాలి. రాయబారి ఎదుట ఉన్న శ్రోత దుర్యోధనుడు ఒక్కడే అయితే ఇది వైఫల్యం. శ్రోతలు సభలో కూర్చున్న రాజులందరూ అయితే లెక్క మారుతుంది.

సభలో ధృతరాష్ట్రుడు ధరించిన పాత్ర నిస్సహాయుని పాత్ర. తాను స్వతంత్రుడను కానని, కొడుకును ఒప్పించే భారం నీదేనని కృష్ణునితో అన్నాడు. సింహాసనం మీద కూర్చున్నవాడు అధికారం లేదని చెప్పుకోవడం కంటె భద్రమైన ఎత్తుగడ రాజనీతిలో అరుదు. అనుకూల ఫలితం వస్తే తనది, ప్రతికూల ఫలితం వస్తే కొడుకుది. గాంధారి సభకు రాగానే కొడుకు కంటె ముందు భర్తను నిలదీయడంలోని ఔచిత్యం ఇక్కడే తెలుస్తుంది. కొడుకు దురాశ ఎరిగి కూడా అతని వెంట నడిచిన తప్పు నీదేనని ఆమె చెప్పినప్పుడు, ఆ సభలో ఒక పాత్రధారి వేషాన్ని తొలగించిన ఏకైక వ్యక్తి ఆమె అయింది. కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీకి అది కనిపించడం వ్యాసుని కల్పనలోని గొప్పతనం.

దుర్యోధనుని జవాబును మొండితనంగా తీసివేయడం అలవాటైపోయింది. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న మాట జనం నోట నిలిచింది. దానికి ముందున్న వాదం నిలవలేదు. జూదం పాండవులు ఇష్టపడి ఆడారు, ఓడారు, అందులో తన తప్పేమున్నదని అతడు అడిగాడు. మునుపు అర్ధరాజ్యం ఇచ్చినది తాను పరాధీనుడైన బాలుడిగా ఉన్నప్పుడు, పెద్దలు తెలియకనో భయపడో ఇచ్చినదన్నాడు. ఇది హక్కుల భాష. మైనరుగా ఉన్నప్పుడు జరిగిన దానం చెల్లదనే వాదం ఏ న్యాయస్థానంలోనైనా కనీసం విచారణకు నోచుకుంటుంది. కృష్ణుడు దానికి న్యాయపరమైన ఖండనతో ఆగక ద్రౌపదీపరాభవం, లక్కయిల్లు, విషప్రయోగం వరుసగా ఏకరువు పెట్టాడు. హక్కుల చర్చను నేరాల చర్చగా మార్చడం వాదన తీరులో పెద్ద మలుపు. ఆ మలుపు దగ్గరే దుర్యోధనుడు సభ నుండి లేచి వెళ్లాడు, అతని తమ్ములూ మంత్రులూ వెంట నడిచారు.

రోమన్ సభ్యులు పక్షం తేల్చడానికి నడిచిన నడక కురుసభలో లేదని పైన అనుకున్నాం. నిజానికి ఒకే ఒక్కసారి జరిగింది, ఇదిగో ఇక్కడ. లేచి నడిచినవారు ఎవరి పక్షమో తేలింది. కూర్చుండిపోయిన పెద్దలు కూడా, మాటలతో సంధి పక్షాన నిలిచి, దేహాలతో కౌరవాసనాల మీదనే ఉండిపోయారు.

కృష్ణుడు దీన్ని చూసి ఊరుకోలేదు. కంసుని యాదవులు వదిలివేసినట్లు, కులం కోసం ఒకరిని త్యజించినట్లు, దుర్యోధన కర్ణ శకుని దుశ్శాసనులను బంధించి పాండవులకు అప్పగించమన్నాడు. రాయబార ఘట్టం మొత్తంలో అతి తీవ్రమైన ప్రతిపాదన ఇదే. సంధి కోరే అత్యధికులు తమ కోరికను కార్యంగా మార్చగలరా అన్న పరీక్ష ఇది. ఎవరూ కదలలేదు. ధృతరాష్ట్రుడు గాంధారిని పిలిపించాడు. అంటే చర్య స్థానంలో ఇంకొక ఉపదేశం వచ్చింది. పెద్దలు చేయని బంధనాన్ని దుర్యోధనుడు చేయబూనాడు: కృష్ణుణ్ణే కట్టివేయాలన్న ఆ కుట్రను సాత్యకి పసిగట్టి, కృతవర్మను సేనతో సిద్ధంగా ఉండమని చెప్పి, సభలో బయటపెట్టాడు. ఆ తర్వాత విశ్వరూపం. భక్తి దృష్టికి అది పరాకాష్ఠ. రాజనీతి దృష్టికి సభ మరణించిన క్షణం. చర్చకు స్థలం లేనిచోట బలప్రదర్శన వచ్చింది.

తిరిగివచ్చి ధర్మరాజుకు నివేదించినప్పుడు కృష్ణుడు దీన్నంతటినీ నాలుగు ఉపాయాల పట్టికగా చెప్పాడు. సామం ప్రయోగించాను, భేదం ప్రయోగించాను, అద్భుతాలు చూపాను, అయిదూళ్లతో సరిపెట్టే దానం కూడా అయింది, ఇక మిగిలినది దండమే అన్నాడు. సభలో ఆవేశంగా, ఆర్ద్రంగా వినిపించిన మాటలన్నీ ఈ నివేదికలో గళ్లలో అమరిన పావులుగా కనిపించడం పాఠకునికి కొంచెం చలి పుట్టిస్తుంది.

5. మంత్రికవి

తిక్కనకు ఇటువంటి సభలు పుస్తకాల ద్వారా మాత్రమే పరిచయం అనుకోవడానికి లేదు. నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఆయన మంత్రి. రాజ్యం దాయాదుల పాలైనప్పుడు ఆయన ఓరుగల్లుకు వెళ్లి కాకతీయ గణపతిదేవుని మెప్పించి సైనిక సహాయం సంపాదించాడని సిద్ధేశ్వర చరిత్ర వంటి కావ్యాలు చెబుతాయి. దాయాదుల తగవు, చేజారిన రాజ్యం, పెద్ద ప్రభువు సభ, పక్షం కోరుతూ నిలిచిన దూత. ఉద్యోగపర్వానికి కావలసిన సామగ్రి అంతా ఇందులో ఉంది. ఆ కావ్యాలు తరువాతి కాలానివి గనుక ఈ కథ నుండి తిక్కన పద్యాలకు నేరుగా దారి వేయడం సాహసం. అయితే రాజు సమ్ముఖంలో మాట ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో వృత్తిరీత్యా ఎరిగినవాడు రాసిన రాయబారం ఇది అన్నంతవరకు అభ్యంతరం ఉండదు. వ్యాసుని దీర్ఘోపాఖ్యానాల కంటె సంభాషణల మీద ఆయన దృష్టి నిలపడం, పాత్రల హావభావాలను చిన్న మాటలలో ఇమిడ్చడం ఆ ఎరుకతో పొసిగే లక్షణాలు. తిక్కన కృష్ణుడు అలంకారాల కోసం ఆగడు. ఎదుటివాడు తల ఊపాడా లేదా అని చూస్తాడు.

6. సభ కుదించుకుపోయిన తీరు

సభను రంగం మీదికి తేవడం కష్టం. భాసుడు దూతవాక్యంలో ఈ కష్టాన్ని తెలివిగా దాటాడు. అక్కడ దుర్యోధనుడు భీష్మద్రోణాదులను ఆహ్వానించి కూర్చోబెడతాడు గాని వారు రంగం మీద ఉండరు. అతని చూపులతో, మాటలతోనే సభ అంతా ప్రేక్షకునికి తోస్తుంది. కృష్ణుడు వచ్చినప్పుడు ఎవరైనా లేచి నిలబడితే పన్నెండు సువర్ణభారాల దండన అని అతడు ఆజ్ఞాపిస్తాడు. లేవడం అంటే పక్షం తేల్చుకోవడం అని దుర్యోధనునికి తెలుసు. ఆ ఓటును ముందే నిషేధించాడు. తీరా కృష్ణుడు రాగానే తానే ఆసనం మీది నుండి జారిపడతాడు. హాస్యంగా కనిపించే ఈ కల్పనలో సభానియమాల మీద లోతైన వ్యాఖ్య ఉన్నది. అయితే సభ్యులను అదృశ్యం చేసే పని కూడా ఇక్కడే మొదలైంది.

తెలుగునాట ఆ పనిని పూర్తి చేసినది తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం అనడం న్యాయం కాదు; ఆ నాటకం ప్రదర్శనల్లో తరిగిన తీరు అనాలి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంట రచించిన భారత నాటకాలలో పాండవోద్యోగ విజయాలకు దక్కిన ప్రజాదరణ మరి దేనికీ దక్కలేదు. అక్షరం రాని శ్రోత కూడా రాయబార పద్యాలను కంఠస్థం చేశాడు. ఒక ఆధునిక భాషలో పద్యం ఇంత విస్తారంగా జనం నోటికెక్కిన సందర్భాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయో చెప్పలేం. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి నటులు రాయబార కృష్ణునికి చిరస్థాయిని ఇచ్చారు.

రాత్రంతా సాగే ప్రదర్శనలో పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి రెండవ కృష్ణుడు, యుద్ధఘట్టానికి మూడవ కృష్ణుడు రావడం ఆనవాయితీ. గొంతు అలసట, నటులందరికీ అవకాశం, ప్రేక్షకుల ముచ్చట దీనికి కారణాలు. దీన్ని వికారంగా చూసిన విమర్శకులు ఉన్నారు. కాని పై చర్చ వెలుగులో చూస్తే ఈ ఆనవాయితీకి తెలియకుండానే ఒక అర్థం సిద్ధించింది. నిద్ర నటిస్తూ ఎవరు ముందు వచ్చారో, ఎవరిని ముందు చూడాలో లెక్కవేసుకున్న బావ వేరు. సభలో శాంతి మాట్లాడిన దూత వేరు. పగ్గాలు పట్టిన సారథి వేరు. మూలంలో ఒకే మనిషి ఈ మూడు పాత్రలూ ధరించాడు. రంగస్థలం ఆ మూడింటినీ ముగ్గురికి పంచి, పాత్రధారణ అనే విషయాన్ని కంటికి కనిపించేలా చేసింది.

నష్టం వేరేచోట జరిగింది. రాయబార ఘట్టాన్ని విడిగా, గంట గంటన్నరకు కుదించి ఆడే ప్రదర్శనల్లో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మిగులుతారు. భీష్మద్రోణులు కిరీటాలు పెట్టుకుని కూర్చుంటారు. వారికి పద్యం ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ఋషుల హితబోధ ఉండదు, గాంధారి జాడ సాధారణంగా ఉండదు. సభ రెండు గొంతుల పోటీగా మారుతుంది. ఒకరు జెండా మీది కోతినీ గుర్రాలనూ గాండీవాన్నీ వర్ణించి రాబోయే యుద్ధాన్ని కళ్లకు కట్టిస్తారు, మరొకరు తొడ చరుస్తారు. హార్మోనియం శ్రుతిలో రాగం సాగినంతసేపూ ఎవరు గెలుస్తున్నారన్న ఆసక్తి తప్ప, ఇంతమంది పెద్దలు ఏమి చేస్తున్నారన్న ప్రశ్న పుట్టదు. నోరెత్తని పెద్దల నేరం కథలో నుండి తప్పుకొని, యుద్ధానికి ఒక్క దుష్టుడే కారణమన్న సులభమైన సమాధానం మిగిలింది. మూలం ఇచ్చిన సమాధానం అంత సులభం కాదు.

ప్రేక్షకుని పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. రోములో సెనేటు చర్చ వేరు, బయట ఫోరంలో జనం ఎదుట చేసే ప్రసంగం వేరు. షేక్స్‌పియర్ నాటకంలో ఆంటొనీ గెలిచినది ఫోరంలో. వ్యాసభారతంలో ఫోరం లేదు. పౌరులు కృష్ణుని రథాన్ని చూడడానికి వీధులలో గుమిగూడారు గాని వారిని ఎవరూ అడగలేదు. ఊరి నడుమ పందిట్లో, తిరునాళ్లలో, నగరపు సభామందిరాలలో రాయబారం విన్న తెలుగు శ్రోత ఆ ఖాళీని పూరించాడు. రాయబారి సభ్యులకు వీపు తిప్పి ప్రేక్షకుల వైపు నిలబడి పద్యం పాడటం వాస్తవికతా దృష్టితో దోషం. లోకం చూస్తుండగా సంధి చెడాలని విదురునితో అన్న కృష్ణుని లెక్క ప్రకారం మాత్రం అతడు నిలబడవలసిన దిశ అదే. ‘వన్స్‌మోర్’ అన్న కేక రసభంగమని పండితులు విసుక్కున్నారు, ఆ విసుగు సమంజసమే. అయితే సభలో ఎవరికీ లేని ఓటు ఆ కేక రూపంలో వెనుక వరుస వానికి దక్కింది. అతడు దాన్ని రాగానికి వేశాడా, న్యాయానికి వేశాడా అన్నది వేరే విచారణ.

7. రథం మీది మాటలు

ప్రదర్శనల్లో తరచుగా జారిపోయే మరొక సన్నివేశం సభ ముగిసిన తర్వాతిది. కృష్ణుడు కర్ణుణ్ణి రథం ఎక్కించుకొని ఊరి వెలుపలికి తీసుకుపోయి అతని జన్మరహస్యం చెప్పాడు. నీవు జ్యేష్ఠుడవు, రా, పట్టం నీకు, ధర్మరాజు నీకు వింజామర వీస్తాడన్నాడు. నాలుగు ఉపాయాలలో ఇది భేదం. సభలో అంతమంది రాజుల ఎదుట అయిదూళ్లకు దిగివచ్చిన రాయబారి, ఎవరూ లేనిచోట మొత్తం రాజ్యాన్ని ఎర చూపాడు. బహిరంగంగా పెట్టిన ధర, చాటుగా పెట్టిన ధర ఇంత దూరంగా ఉండడం రాజనీతిలో సాధారణం. ధర్మమూర్తులుగా ప్రసిద్ధులైనవారి వ్యవహారంలో దాన్ని దాచకుండా చూపడం ఇతిహాసకర్త నిర్మొహమాటానికి గుర్తు.

కర్ణుడు నిరాకరించాడు. పెంచిన తల్లిదండ్రులను, అన్నం పెట్టిన స్నేహితుణ్ణి వదలలేనన్నాడు. ఈ యుద్ధంలో ఎవరు గెలుస్తారో తనకు తెలుసుననీ అన్నాడు. ఆ పైన ఒక కోరిక కోరాడు. ఈ సంగతి ధర్మరాజుకు చెప్పవద్దు. తెలిస్తే అతడు రాజ్యం స్వీకరించడు, నాకు ఇస్తాడు, నేను దాన్ని దుర్యోధనునికి ఇచ్చివేస్తాను. సభలో మాట్లాడిన పెద్దలలో ఎవరికీ తట్టని రాజకీయ పర్యవసానాన్ని అయిదు క్షణాలలో లెక్కవేసి, ప్రత్యర్థి పక్షానికి మేలు చేసే రహస్యాన్ని తానే కాపాడిన ప్రభువు అతడు. సభలో అతడు ధరించినది దుర్యోధనుని రెచ్చగొట్టే వీరుని పాత్ర. రథం మీద ఆ వేషం లేదు. కృష్ణుణ్ణి గట్టిగా కౌగిలించుకున్న తర్వాత కర్ణుడు రథం దిగి, తన రథమెక్కి, హస్తినకే తిరిగి వెళ్లాడు. కృష్ణుడు ఉపప్లావ్యం చేరి ధర్మరాజుకు సభలో జరిగినదంతా చెప్పాడు. రథం మీద జరిగినది చెప్పలేదు.